ఇవ్వని బిడ్డ

ఆషాఢ అమావాస్య... మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు.

గోదావరి సీమ మీద కారుమబ్బులు కాటుక కొండల్లా పేరుకుని ఉన్నాయి. గాలి స్తంభించిపోయింది. కనుచూపు మేర పరుచుకున్న వరినాట్లలో ఒక్క ఆకు కదలడం లేదు. మండపేటకి నాలుగు మైళ్ళ అవతల, కాలువ గట్టున, ఎన్నో ఏళ్ళుగా మూతపడిన పాత రైసు మిల్లు ఆ ఉక్కలో ఊపిరి బిగబట్టిన మృగంలా పడి ఉంది.

బయట మధ్యాహ్నం. లోపల మాత్రం అర్ధరాత్రి!

అది సినిమా వాళ్ళు తయారు చేసుకున్న అర్ధరాత్రి. కిటికీలకీ, రేకుల సందులకీ నల్లగుడ్డలు బిగించారు. ఒక మూల సన్నటి నీలి దీపం. నేల మీద బియ్యప్పిండితో, పసుపుతో, బొగ్గుపొడితో గీసిన మండలం. చుట్టూ పదకొండు ప్రమిదలు. నట్టనడుమ... నెత్తి నిండా కుంకుమ పూసిన కపాలం.

"అందరూ ఒక్క నిమిషం కదలకండి. ఉత్త నిశ్శబ్దం రికార్డు చేసుకోవాలి," అంది ప్రిస్కిల్లా.

ఆమె సౌండ్ రికార్డిస్టు. ఊరు భీమవరం. తండ్రి బడిపంతులు, లూథరన్ చర్చిలో పెద్ద. ఆ ఇంట్లో దెయ్యం కథలు చెప్పుకోవడానికి కూడా వీల్లేదు. పన్నెండేళ్ళ ఉద్యోగంలో ప్రిస్కిల్లా తన చెవుల్ని తప్ప దేన్నీ గట్టిగా నమ్మలేదు. ప్రతి చోటుకీ దానిదంటూ ఒక నిశ్శబ్దం ఉంటుందనీ, దాన్ని ఒక నిమిషం పట్టుకుంటే తర్వాత మాటల మధ్య అతుకులు తెలియవనీ ఆమెకి తెలుసు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ప్రమిదల చిటపట. దూలం మీద ఎక్కడో ఒక గుడ్లగూబ... పట్టపగలు గుడ్లగూబ... రెక్క విదిల్చింది. ఆ తర్వాత, చెవికి బెత్తెడు దూరంలో, ఎవరో చిన్నగా ఊపిరి పీల్చారు.

"అక్కా... చెయ్యొదిలేశావేంటే..."

ప్రిస్కిల్లా కళ్ళు తెరిచి చూసింది. ఆ రోజు చిన్నపిల్లల సీన్లు లేవు. మిల్లులో పిల్లలెవరూ లేరు.

"అయిందాండీ?" అన్నాడు డైరెక్టరు ఉదయ్‌కుమార్.

"అయింది సార్," అంది ఆమె.

ఆ సినిమా ఉదయ్‌కుమార్ వాళ్ళ అమ్మమ్మ కథ. యుద్ధకాలంలో, పంతొమ్మిది వందల నలభై రెండు ఏప్రిల్‌లో, జపాను విమానాలు కాకినాడ మీద బాంబులు వేశాయి. ఊరు ఊరంతా మూటాముల్లే సర్దుకుని పల్లెలకు పారిపోయింది. ఉదయ్ అమ్మమ్మ రత్నమాణిక్యానికి అప్పుడు ఎనిమిదేళ్ళు. తల్లితో, ఐదేళ్ళ చెల్లెలు చిన్నమ్మాయితో ఎద్దుబండిలో వచ్చి, ఈ మిల్లులోనే రెండు నెలలు తలదాచుకుంది. ఆ రెండు నెలల్లో చిన్నమ్మాయి చనిపోయింది. "జ్వరం వచ్చి పోయిందిరా" అని మాత్రమే మనవడికి చెప్పేదావిడ. ఆ చెల్లి దెయ్యమై అక్క చుట్టూ తిరుగుతుందని ఉదయ్ కథ అల్లుకున్నాడు. చెల్లిని ఒక మాంత్రికుడు బంధించడం, అక్క నోటితోనే ఆమెను ధారపోయించుకోవడం... అవన్నీ జగన్నాథరావు గారి సలహాలు.

జగన్నాథరావుకి డెబ్భై ఏళ్ళుంటాయి. తెల్లటి లాల్చీ, బంగారు కళ్ళజోడు, మెత్తటి మాట. ఇక్కడ షూటింగు జరగబోతోందని తెలిసి తనంతట తానే వచ్చాడట. మండలం గీసింది అతనే. మంత్రాలు రాసిచ్చింది అతనే. ఆ కపాలం తెచ్చిందీ అతనే. మైకు అమర్చడానికి వంగినప్పుడు ప్రిస్కిల్లా దాన్ని దగ్గరగా చూసింది. మరీ చిన్నది. చిన్న చిన్న పాలపళ్ళు. ముందు పన్ను సగానికి విరిగి ఉంది.

"ఇది నిజమైందాండీ?" అని అడిగింది.

"ప్లాస్టరమ్మా," అన్నాడతను నవ్వుతూ. ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు.

ఒంటిగంటకి షాటు మొదలైంది. రత్నమాణిక్యం తల్లి వేషం వేస్తున్న లావణ్య మండలంలోకి వచ్చి కూర్చుంది. పాత ఫొటో చూసి కుట్టించిన ఎర్రంచు నేతచీర, ముక్కున రెండు బేసరులు. కెమెరాకి వెనక నిలబడి జగన్నాథరావు మంత్రం అందుకున్నాడు. "హ్రీం... క్లీం... స్తంభయ... స్తంభయ..." ఆ స్వరం గొంతులోంచి కాక, ఏదో పాడుబడ్డ నూతి అడుగునుంచి వస్తున్నట్టుంది. ఆకాశంలో తొలి ఉరుము దొర్లింది. ప్రమిదల జ్వాలలు గాలి లేకుండానే పక్కకి వాలాయి. గుడ్లగూబ కీచుమని అరిచింది.

లావణ్య తల మెల్లగా వాలిపోయింది. జుట్టు ముఖం మీద పడింది. భుజాలు ముడుచుకుపోయాయి. ఐదడుగుల ఆరంగుళాల ఆడమనిషి మోకాళ్ళు కడుపులో పెట్టుకుని, పసిపిల్లంత అయిపోయి, బొటనవేలు నోట్లో పెట్టుకుంది.

"అమ్మేదీ?" అంది. అది లావణ్య గొంతు కాదు. ఐదేళ్ళ పిల్ల గొంతు. "అమ్మ దగ్గరికి పోతాను. ఇక్కడ చీకటిగా ఉంది."

ఇది నటనేమోనని కెమెరామన్ ఆపకుండా తీస్తూనే ఉన్నాడు. ప్రిస్కిల్లా మాత్రం అప్పుడే కనిపెట్టింది... ఆ మాట హెడ్‌ఫోన్స్‌లో లావణ్యకి ఎదురుగా ఉన్న మైకులోంచి రావడం లేదు. కపాలం దగ్గర పెట్టిన మైకులోంచి వస్తోంది!

మరుక్షణం లావణ్య వెనక్కి విరుచుకుపడింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. నలుగురూ పట్టుకుని మూలనున్న నులకమంచం మీద పడుకోబెట్టారు.

"ఆస్పత్రికి తీసుకెళ్దాం సార్," అంది ప్రిస్కిల్లా.

"వద్దు," అన్నాడు జగన్నాథరావు. మెత్తగానే అన్నాడు. "ఉక్కపోత వల్లే. నేను తాడు కడతాను, పొద్దుగూకేసరికి లేచి కూర్చుంటుంది. ఉదయ్ గారూ, అసలు సీను అసురసంధ్యలో తీయాలి. ఆ ఘడియ మళ్ళీ దొరకదు. ఇంకోమాట... 'ఇచ్చాను' అని అక్క మూడుసార్లు చెప్పే డైలాగు ఉంది చూడండి. అది తెర వెనకనుంచి మీరే చెప్పాలి."

"డబ్బింగులో చెప్పిస్తానండీ, ఎవరిచేతనైనా."

"ఎవరిచేతనో కాదు. మీరే. ఇక్కడే. మీ రక్తంలోంచి రావాలి ఆ మాట."

ఉదయ్ నవ్వేసి సరేనన్నాడు. రేపటితో మిల్లు ఖాళీ చేయాలి. అతని తల నిండా షాట్లే తిరుగుతున్నాయి. ప్రిస్కిల్లాకి మాత్రం ఆ చివరి మాట చెవిలో ముల్లులా దిగబడింది. డైలాగు ఎవరు చెబితే ఏం? ఈ మనిషికి రక్తంతో పనేంటి?

భోజనాల వేళ అందరూ బయట షామియానా కింద ఉండగా ఆమె వ్యానులో తలుపేసుకుని ఆ రికార్డింగు మళ్ళీ విన్నది. కపాలం దగ్గరి మైకు ఒక్కటే విడదీసి, మంత్రం గొంతుని తగ్గించి, అడుగున ఉన్నదాన్ని పైకి లాగింది. చాలాసేపు గరగర. తర్వాత ఆ పిల్ల... ఏడుపు కూడా అరిగిపోయిన గొంతుతో... అదే మాట, అదే మాట.

"బెల్లంముక్క కోసం అక్క ఇచ్చేసింది... బెల్లంముక్క కోసం అక్క ఇచ్చేసింది..."

స్క్రిప్టు ఆమెకి కంఠతా వచ్చు. అందులో ఎక్కడా బెల్లం లేదు.

రత్నమాణిక్యం గారు ఆ వారం రోజులూ మండపేటలో చుట్టాలింట్లో ఉన్నారు. షూటింగు చూడ్డానికని రాజమండ్రి నుంచి వచ్చి కూడా, మోకాళ్ళ నొప్పులని వంక పెట్టి, ఒక్కరోజూ మిల్లు గడప తొక్కలేదు. కాలువగట్టున ఆటో దొరికి ప్రిస్కిల్లా వెళ్ళేసరికి సాయంత్రమై, పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. తొంభై ఒక్కేళ్ళ ఆ ముసలావిడ వీధి అరుగు మీద కూర్చుని, వాన వైపు కాక, మిల్లు ఉన్న దిక్కుకే చూస్తోంది.

"మామ్మగారూ, నా పేరు ప్రిస్కిల్లా అండి. మీ మనవడి సినిమాకి సౌండ్ చూస్తాను. మీరు ఒకటి వినాలి."

హెడ్‌ఫోన్స్ ఆ నెరిసిన తల మీద పెట్టి, మీట నొక్కింది. ముసలావిడ రెండు చేతులతో హెడ్‌ఫోన్స్‌ని చెవులకి ఇంకా గట్టిగా అదుముకుంది. అయిపోయాక కూడా తీయలేదు.

"ఎక్కడ దొరికిందమ్మా ఇది?" అంది.

ప్రిస్కిల్లా చెప్పింది. మండలం గురించి, జగన్నాథరావు గురించి, కపాలం గురించి.

"ముందు పన్ను సగం విరిగి ఉందా?"

"ఉందండి."

"కాకినాడ నుంచి వస్తుంటే బండి మీంచి పడింది. అప్పుడు విరిగింది." ఆవిడ కళ్ళు మూసుకుంది. "జ్వరం కాదమ్మాయ్. అది నేను చెప్పుకున్న అబద్ధం. అమ్మకి ఒళ్ళు తెలియని జ్వరం. నాన్న కాకినాడలోనే ఉండిపోయాడు. మాకు గంజినీళ్ళు తప్ప ఏం లేవు. మిల్లు వెనక ఒకాయన ఉండేవాడు, పిల్లల్ని చేరదీసి కబుర్లు చెప్పేవాడు. ఆ రోజు ఇంత బెల్లంముక్క నా చేతిలో పెట్టి, 'మీ చెల్లిని నాకు ఇచ్చేస్తావా' అన్నాడు. పెద్దవాళ్ళు పిల్లల్ని ఆటపట్టిస్తారు కదా, అలాగే అనుకున్నాను. 'ఇచ్చానని మూడుసార్లు చెప్పు' అన్నాడు. చెప్పాను. తెల్లారి లేచేసరికి నా పక్కన చెల్లి లేదు."

"ఎవరికీ చెప్పలేదా మామ్మగారూ?"

"కాలవలో పడిపోయుంటుందన్నారు అందరూ. ఊరుకున్నాను. మా అమ్మ రెండేళ్ళపాటు కాలవగట్ల వెంబడి వెతుక్కుంటూ తిరిగింది. అలా తిరుగుతూనే పోయింది. అప్పుడూ చెప్పలేదు." ఆవిడ అరుగు పట్టుకుని లేచింది. "నీ మంత్రగాడు వాడి మనవడై ఉంటాడు. వాళ్ళు మంత్రంతో వేసే కట్టు మూడు తరాలే ఉంటుందని అప్పట్లో చెప్పుకునేవారు. నా మనవడి నోట కూడా ఆ మాట అనిపిస్తే మళ్ళీ మూడు తరాలు. పద. ఎంత వేగంగా వెళ్ళగలమో అంత వేగంగా పద."

ఆటో కాలువగట్టు ఎక్కేసరికి సంజె ముదిరింది. పడమటి దిక్కున మబ్బుల కింద నెత్తుటి చారలాంటి వెలుగు. దిక్కులు బద్దలయ్యేలా ఉరుములు. మిల్లు దరిదాపుల్లో ఆటో ఆగిపోయింది. డ్రైవరు ఎన్నిసార్లు ప్రయత్నించినా కదల్లేదు. బురదలో, వానలో, మిగిలిన వంద గజాలూ ప్రిస్కిల్లా ఆ ముసలావిడని నడుం చుట్టూ పట్టుకుని నడిపించింది. మోకాళ్ళ నొప్పులన్న మనిషి ఒక్కసారి కూడా ఆగలేదు.

లోపల... కెమెరా నడుస్తోంది. మనుషులు మాత్రం నడుస్తున్నట్టు లేదు. లైట్‌మెన్, అసిస్టెంట్లు, అందరూ ఎక్కడి వాళ్ళక్కడ రెప్పవాల్చకుండా, కొయ్యబొమ్మల్లా నిలబడిపోయారు. మండలంలో లావణ్య ముడుచుకుని కూర్చుని ఉంది. జగన్నాథరావు ఇప్పుడు కెమెరా వెనక లేడు. మండలం మధ్యలో, కపాలాన్ని ఎడమచేతిలో పట్టుకుని, నిటారుగా నిలబడి ఉన్నాడు. కళ్ళజోడు లేదు. ఆ కళ్ళల్లో నిప్పుకణికల ఎరుపు!

"రెండోసారి," అన్నాడతను.

గీత అవతల నిలబడ్డ ఉదయ్‌కుమార్ పెదవులు నిద్రలో ఉన్నవాడి పెదవుల్లా కదిలాయి. "ఇచ్చాను..."

లావణ్య నోట్లోంచి పసిపిల్ల వెక్కిళ్ళు వినిపించాయి.

"మూడోసారి."

ప్రిస్కిల్లా పరుగెత్తుకెళ్ళి ఉదయ్ నోటిని తన అరచేత్తో మూసేసింది. అతని పెదవులు ఆ చేతికింద ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఆమె రెండో చెయ్యి కూడా వేసి అదిమిపట్టింది.

"చెయ్యి తియ్యవే," అన్నాడు జగన్నాథరావు. మెత్తదనం ఎటో పోయింది. "తియ్యకపోతే ఈ సంధ్య దాటేలోగా నీ చెవుల్లోంచి నెత్తురు కక్కిస్తాను. జన్మలో మరో శబ్దం వినవు."

నిజంగానే ఆమె చెవుల్లో ఎవరో సూదులు గుచ్చుతున్నట్టు హోరు మొదలైంది. కళ్ళు బైర్లు కమ్మాయి. చిన్నప్పుడు నాన్న నేర్పిన ప్రార్థనలో మొదటి మాట తప్ప ఏదీ గుర్తురాలేదు. ఆ ఒక్క మాటే పదే పదే అనుకుంటూ చెయ్యి మాత్రం తియ్యలేదు.

"వాణ్ణి అడుగుతావేంట్రా. మాటిచ్చింది నేను."

తడిసిన చీరతో, జుట్టు విరబోసుకుపోయి, గుమ్మంలో రత్నమాణిక్యం నిలబడి ఉంది.

లావణ్య తల ఎత్తింది. "అక్కా," అంది ఆ పసిగొంతు. "ఎంత ముసలిదానివైపోయావే."

"అవునే. అయిపోయాను." ముసలావిడ ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ గీత దాకా వచ్చింది.

జగన్నాథరావు వికటంగా నవ్వాడు. "రా ముసలిదానా. నీ నోటి మాట మీదే మా ఇల్లు మూడు తరాలు వెలిగింది. నీ చెల్లి తాతకి సేవ చేసింది, నాన్నకి చేసింది, నాకు చేస్తోంది. తీసుకున్నదానికి ప్రతిఫలం ముట్టింది. ఇచ్చినదాన్ని వెనక్కి అడిగే హక్కు నీకు లేదు."

"అడగడానికి రాలేదు. నాకు హక్కు లేదని చెప్పడానికే వచ్చాను. చెల్లి నా సొత్తు కాదు. అది మా అమ్మ కూతురు. మీ తాత మా అమ్మని అడగలేదు. జ్వరంతో పడున్న తల్లి పక్కనుంచి ఎత్తుకుపోయి, ఆకలేసిన పిల్లని సాక్ష్యం పెట్టుకున్నాడు." ఆవిడ ఊపిరి కూడదీసుకుంది. "అమ్మ ఇవ్వలేదు. విన్నావా? అమ్మ ఎప్పుడూ ఇవ్వలేదు."

ఆ మాటతో పదకొండు ప్రమిదలూ, మూలనున్న నీలి దీపమూ ఒక్కసారి ఆరిపోయాయి.

చిమ్మచీకటి. వాన చప్పుడు కూడా ఆగిపోయిన నిశ్శబ్దం. తర్వాత పైన రేకులకి కట్టిన నల్లగుడ్డ చిరుగులోంచి ఒక మెరుపు. ఆ వెలుగులో మండలంలో ముడుచుకుని కూర్చున్న ఆకారం లేచి నిలబడటం ప్రిస్కిల్లా చూసింది. పసిపిల్ల వంపు పోయింది. ఎర్రంచు చీర కొంగు నడుముకి బిగిసి ఉంది. జుట్టు నిండా కాలువ నీళ్ళు కారుతున్నాయి. రత్నమాణిక్యం "అమ్మా" అని అక్కడే కూలబడిపోయింది.

"నా బిడ్డని ఎవడు ఇచ్చాడు?"

అది పసిగొంతు కాదు, లావణ్య గొంతూ కాదు. ఏళ్ళ తరబడి గట్ల వెంట పిలిచి పిలిచి బొంగురుపోయిన గొంతు. జగన్నాథరావు మంత్రం అందుకోబోయాడు. నోరు తెరుచుకుంది, మాట రాలేదు. బీజాక్షరాలు గొంతులోనే గడ్డకట్టుకుపోయాయి. పారిపోబోయాడు. తను గీసిన గీతే అడ్డొచ్చింది. బియ్యప్పిండి గీత అతని పాదాల ముందు రాతిగోడై నిలిచింది. అటు పరుగెత్తాడు, ఇటు పరుగెత్తాడు, గాలిని రెండు చేతులతో బాదాడు. అతని ఎడమచేతిలోని కపాలాన్ని ఆమె ఎంతో సున్నితంగా, నిద్రపోతున్న పిల్లని ఎవరి ఒళ్ళోంచో తీసుకున్నట్టుగా తీసుకుంది. గుండెకి హత్తుకుని, గీత దాటి ఇవతలికి వచ్చేసింది.

మండలంలో అతనొక్కడే మిగిలాడు.

ఆకాశం రెండుగా చీలింది. పైకప్పు రేకుల్ని కాగితంలా చించుకుంటూ పిడుగు దిగింది. తెల్లటి వెలుగు... వెయ్యి రోళ్ళు ఒక్కసారి బద్దలైనంత చప్పుడు... అంతే.

మళ్ళీ చూపు వచ్చేసరికి మండలం ఉన్నచోట గుండ్రంగా కాలిన మచ్చ ఉంది. గీతకి ఇవతల ఒక గడ్డిపోచ కూడా కమలలేదు. మనుషులు ఒక్కొక్కరే కదిలారు. ఉదయ్‌కుమార్ నోటి మీది చేతిని పట్టుకుని, "ఏమైందండీ? నేనెక్కడున్నాను?" అన్నాడు. లావణ్య స్పృహ లేకుండా పడి ఉంది, ఒళ్ళు చల్లబడింది, ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. కపాలం రత్నమాణిక్యం ఒళ్ళో ఉంది. ఎలా వచ్చిందో ఎవరూ చూడలేదు.

పోలీసులు వచ్చి, పిడుగుపాటుకి వృద్ధుడు మృతి అని రాసుకుని వెళ్ళారు. మూడో రోజున కాలువ అవతల, పసిపిల్లల్ని పూడ్చే చోట, చిన్న గుంట తీసి చిన్నమ్మాయిని పడుకోబెట్టారు. ఆ గుంటలో మొదటి మన్ను వేసింది అక్కే.

సినిమా ఆపేస్తానన్నాడు ఉదయ్.

"ఆపొద్దురా," అంది రత్నమాణిక్యం. "తియ్యి. కానీ దాన్ని దెయ్యంగా చూపించకు. నన్ను చూపించు. ఏం చేశానో అది చూపించు. ఆ మాట మాత్రం ఎవరి నోటా రానివ్వకు. తల ఊపితే చాలు."

కార్తీకంలో వేరే ఊళ్ళో, వేరే మిల్లులో ఆ సీను తీశారు. ఈసారి ముసలావిడ మొదటి రోజే వచ్చి కెమెరా పక్కన కుర్చీలో కూర్చుంది. కిటికీలకి నల్లగుడ్డలు లేవు. మంచి ఎండ. ఆవిడ వేషం వేస్తున్న ఎనిమిదేళ్ళ పిల్ల షాటుకి ముందు గబగబా దగ్గరికి వచ్చింది.

"మామ్మగారండీ, చెల్లిని ఇచ్చేయమన్నప్పుడు నేను ఏడుస్తూ తలూపాలా?"

ప్రిస్కిల్లా హెడ్‌ఫోన్స్ సర్దుకుంటూ ఆగిపోయింది. రత్నమాణిక్యం ఆ పిల్ల చెయ్యి పట్టుకుని దగ్గరికి తీసుకుంది.

"లేదమ్మా," అంది. "నవ్వుతూ ఊపు. నేను నవ్వుతూనే అన్నాను. దాని వైపు తిరిగి చూడను కూడా లేదు. బెల్లం తింటూ ఉన్నాను."